లండన్‌లో ఉన్న మన పిల్లలకు అక్కడ ఓటుంది: శ్రీకాకుళంలో కూర్చునే నమోదు చేయించడం ఎలా

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో నాకు టెక్కలి వైపు ఒక ఊళ్ళో పోలింగ్ డ్యూటీ పడింది. పొద్దున్నే తలుపులు తీసేసరికి వరుసలో ముందున్నవాళ్ళంతా బయట ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళే. హైదరాబాద్‌లో తాపీ పని చేసేవాళ్ళు, చెన్నైలో హోటల్ పనివాళ్ళు. రాత్రి రైలెక్కి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, ఆటో పట్టుకుని, బ్యాగులు కూడా దించకుండా వచ్చి నిలబడ్డారు. సర్పంచికి గులాబీ కాగితం, వార్డు మెంబరుకి తెల్ల కాగితం. రెండింటి మీదా స్వస్తిక్ ముద్ర వేసి, పెట్టెలో వేసి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయారు. రెండు రోజుల కూలి పోయింది, ఛార్జీలు అదనం. ఒక్కరూ విసుక్కోలేదు.

ఓటంటే అంత ప్రాణం పెట్టే జిల్లా మనది. మన దగ్గరి నుంచి చదువుకీ ఉద్యోగానికీ యూకే వెళ్ళిన పిల్లలు మాత్రం, వాళ్ళు ఉంటున్న వీధి చివరి బడిలోనే ఓటు వేసే హక్కు ఉండి కూడా, ఆ సంగతే తెలియక ఊరుకుంటున్నారు. మా అమ్మాయి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్ళిన మొదటి ఏడాది మాకూ తెలియదు. చెత్త డబ్బా రెండు వారాలుగా ఎవరూ తీయలేదని వీడియో కాల్‌లో చూపిస్తే, "మీ వార్డు కౌన్సిలర్ ఎవరమ్మా, ఆయన్ని అడుగు" అన్నాను.

"ఏటి నాన్నా, నేను ఇండియన్ని. ఇక్కడ నాకు ఓటేటి, కౌన్సిలరేటి!" అంది.

ఇన్నేళ్ళు ఎన్నికల డ్యూటీ చేసినవాణ్ణి కాబట్టి ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నిబంధనలు వెతికి చదివాను. ఆ పిల్లకి ఓటు ఉంది. అది కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఎన్నికలకే కాదు, వాళ్ళ పార్లమెంటు ఎన్నికలకి కూడా. మీ ఇంట్లోంచి ఎవరైనా అక్కడ ఉంటే, ఈ వారం ఫోన్ చేసినప్పుడే ఈ పని మొదలుపెట్టించండి.

ముందు, ఏ దేశమో చూసుకోండి

ఇది మొదటి మెట్టు. దీన్ని దాటేసి ముందుకు వెళ్ళకండి. మన జిల్లా వాళ్ళు ఒక్క దేశంలో లేరు. రంగం (బర్మా) వెళ్ళిన ముత్తాతల కాలం నుంచీ మనది వలసల జిల్లా. పౌరసత్వం లేనివాళ్ళ ఓటు విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి.

యూకేలో కామన్వెల్త్ దేశాల (ఎక్కువగా ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న దేశాల కూటమి) పౌరులకు ఓటు హక్కు ఉంది. 1949 లో రిపబ్లిక్ అవుదామని నిర్ణయించుకుని కూడా మన దేశం కామన్వెల్త్‌లో కొనసాగింది. దాని ఫలితమే ఇది. చెల్లుబాటయ్యే వీసా ఉండి, అక్కడ నివాసం ఉంటే చాలు. స్టూడెంట్ వీసా అయినా, వర్క్ వీసా అయినా, భార్యో భర్తో డిపెండెంట్‌గా వెళ్ళినా సరే. డిపెండెంట్‌గా వెళ్ళిన కోడళ్ళు "నాకెక్కడుంటుంది" అనుకుంటారు. వాళ్ళకీ సమానంగా ఉంది.

ఐర్లండ్‌లో ఏ దేశం వాళ్ళయినా, అక్కడ నివాసం ఉంటే స్థానిక ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. పార్లమెంటుకి మాత్రం మనవాళ్ళకు లేదు. న్యూజిలాండ్‌లో రెసిడెంట్ వీసా వచ్చి, ఏడాదిపాటు అక్కడ ఉన్నవాళ్ళకు అన్ని ఎన్నికల్లోనూ ఓటుంది. 1975 నుంచీ అదే పద్ధతి. స్టూడెంట్ వీసా వాళ్ళకు లేదు. స్వీడన్, నార్వేల్లో మూడేళ్ళు, నెదర్లాండ్స్‌లో ఐదేళ్ళు ఉన్నాక మున్సిపల్ ఎన్నికల్లో ఓటు వస్తుంది. స్వీడన్ ఈ హక్కుని 1976 నుంచే ఇస్తోంది.

కెనడాలో పౌరసత్వం వస్తేనే ఓటు. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉన్నా లేదు. గల్ఫ్ దేశాల్లో, సింగపూర్‌లో మనవాళ్ళకు లేదు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి అక్కడికి వెళ్ళి ఏళ్ళ తరబడి కష్టపడుతున్నవాళ్ళని తలుచుకుంటే బాధగానే ఉంటుంది. వాళ్ళు చేయగలిగింది ఒకటుంది, దాని గురించి చివర్లో చెబుతాను.

అమెరికాలో పిల్లలుంటే ఇది తప్పక చదవండి

అమెరికాలో పౌరులు కానివాళ్ళు ఫెడరల్ (దేశం మొత్తానికి జరిగే) ఎన్నికల్లో ఓటు వేయడం నేరం. 1996 చట్టంతో దాన్ని ఇంకా కఠినం చేశారు. దేశం నుంచి పంపేయవచ్చు, గ్రీన్ కార్డు పోవచ్చు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా" అని అడుగుతారు కూడా.

మన పిల్లలు ఇరుక్కునే చోటు ఎక్కడంటే, డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో. లైసెన్స్ ఫారంతో పాటే "ఓటరుగా నమోదు చేయమంటారా" అన్న ప్రశ్న వస్తుంది. క్యూలో నిలబడి హడావిడిగా అన్నిటికీ అవును అని టిక్ పెట్టేసే కుర్రాడికి అది ఎంత ప్రమాదమో తెలియదు. ఆ ప్రశ్నకి "వద్దు" అని పెట్టమని మీవాడికి ఇవాళే చెప్పండి. పొరపాటున ఇప్పటికే పెట్టేసి ఉంటే, తనంతట తాను ఉత్తరాలు రాయకుండా ముందు ఇమిగ్రేషన్ లాయర్ని కలవమనండి.

అక్కడా కొన్ని ఊళ్ళు వేరుగా ఉన్నాయి. మేరీల్యాండ్ రాష్ట్రంలోని టకోమా పార్క్ అనే పట్టణం 1992 నుంచీ పౌరులు కానివాళ్ళకు తమ ఊరి ఎన్నికల్లో ఓటు ఇస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బడి పిల్లల తల్లిదండ్రులకు స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు ఇవ్వాలని 2016 లో జనమే ఓటేసి నిర్ణయించుకున్నారు. వినడానికి బాగుంటుంది. అయినా అలాంటి ఊళ్ళో ఉన్నవాళ్ళు కూడా లాయర్ని అడగకుండా ఆ పని చేయకూడదు. తెలియక చేశానంటే అక్కడ వినరు.

ఇక్కడి నుంచి యూకే సంగతి. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న చోటు, చేయాల్సిన పని ఉన్న చోటు అదే.

భయాలు తీర్చండి

ఫారం నింపించే ముందు ఒక అరగంట మాట్లాడండి. మా అమ్మాయికి రెండు భయాలుండేవి, మీ పిల్లలకూ అవే ఉంటాయి.

వీసాకి ఏమైనా అవుతుందా? అవదు. స్టూడెంట్ వీసా నిబంధనల్లో ఓటు వేయకూడదని లేదు. నమోదు ఫారంలోనే మీది ఏ దేశం అని అడుగుతారు, ఇండియన్ అని నిజమే రాస్తాం. దాచేదేమీ లేదు.

భారత పౌరసత్వం పోతుందా? పోదు. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఇంకో దేశం పౌరసత్వం తీసుకుంటే మనది పోతుంది. ఓటు వేయడం అంటే పౌరసత్వం తీసుకోవడం కాదు.

"రెండేళ్ళుండి వచ్చేసేదానికి నాకెందుకు" అని కూడా అంటారు. అప్పుడు వాళ్ళ గదిలోకి చూడండి. మా అమ్మాయి మంచం వెనక గోడ మీద అరచేతి అంత నల్లటి బూజు. నలుగురు పిల్లలు అద్దెకున్న ఇల్లది. ఇంటాయనకి ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదు. అలా ఒకరికొకరు చుట్టాలు కానివాళ్ళు కలిసి ఉండే అద్దె ఇళ్ళకు లైసెన్సులు ఇచ్చేదీ, వాటిని తనిఖీ చేసేదీ అక్కడి కౌన్సిలే. చెత్త తీయడం, వీధి దీపాలు, గుంతలు పూడ్చడం, లైబ్రరీ తెరిచి ఉంచడం, ఇవన్నీ కౌన్సిళ్ళ పనులే. ఫుల్ టైమ్ చదువుతున్నంతకాలం విద్యార్థులకు కౌన్సిల్ టాక్స్ మినహాయింపు ఉంటుంది, చదువయ్యి ఉద్యోగంలో చేరాక వాళ్ళ జేబులోంచే కట్టాలి. అద్దె ఇళ్ళలో ఉండే కుర్రాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలో లేకపోతే, వాళ్ళ బూజు గోడ ఏ అభ్యర్థికీ కనపడదు. మన దగ్గర వలస వెళ్ళినవాళ్ళ పేట రోడ్డు ఎందుకు వేయరో మనకి తెలుసు కదా!

ఇంకో లాభం కూడా చెప్పండి. ఓటర్ల జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకి మంచిది. అక్కడ ఫోన్ కనెక్షన్‌కీ, బ్యాంకు కార్డుకీ అది చూస్తారు. మా అమ్మాయి రూమ్మేట్లు ఇద్దరు ఆ మాట విన్నాకే ఫోన్లు తీశారు.

ఫారం నింపించడం

ఇది ఐదు, పది నిమిషాల పని. గవ్ డాట్ యూకే అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి "రిజిస్టర్ టు ఓట్" అని వెతకమనండి. ఒక్క పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైట్ ఏదైనా కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

ఎవరి ఫారం వాళ్ళే నింపాలి. ఇంట్లో ఒకరు అందరికీ కలిపి పెట్టడం ఇప్పుడు లేదు. మీరు వాట్సాప్‌లో పక్కన ఉండండి చాలు. వేసవిలో వాళ్ళకీ మనకీ నాలుగున్నర గంటల తేడా, చలికాలంలో ఐదున్నర. మన రాత్రి తొమ్మిదికి చేస్తే వాళ్ళకు సాయంత్రం, తీరిగ్గా ఉంటారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి పాస్‌పోర్టు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (అక్కడ పని చేసేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే నంబరు), గత ఏడాదిలో ఉన్న ఇళ్ళ చిరునామాలు. ఆ ఇన్సూరెన్స్ నంబరు పార్ట్ టైమ్ పని చేసే పిల్లలకు సాధారణంగా ఉంటుంది. లేకపోతే లేదని, ఎందుకు లేదో రాయాలి. తర్వాత కౌన్సిల్ వాళ్ళు పాస్‌పోర్టు కాపీ లాంటి ఆధారం అడుగుతారు.

పేరు దగ్గర ఆగండి. మనవాళ్ళకు తేడా వచ్చేది ఇక్కడే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అసలు పేరు తర్వాత. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కాలేజీలో ఇంకోలా పిలుస్తారు. మా అమ్మాయి అలవాటు కొద్దీ కాలేజీలో ఉన్నట్టే కొట్టేసింది. నేను ఇవతల నుంచి ఆపి, పాస్‌పోర్టు తెరిపించాను. సర్‌నేమ్ అని ఉన్న వరుసలో ఏముందో అదే సర్‌నేమ్ గడిలో, గివెన్ నేమ్ అని ఉన్నది మొదటి పేరు గడిలో, ఒక్క అక్షరం మారకుండా కొట్టించాను. ఎందుకంటే పోలింగ్ రోజు వాళ్ళు పాస్‌పోర్టులో పేరునీ జాబితాలో పేరునీ పోల్చి చూస్తారు.

మధ్యలో "ఓపెన్ రిజిస్టర్‌లో పేరు ఉంచాలా" అని అడుగుతుంది. వద్దని పెట్టమనండి. ఆ జాబితాని ఎవరైనా కొనుక్కోవచ్చు, ప్రకటనల వాళ్ళు కూడా. వద్దని పెట్టినంత మాత్రాన ఓటుకి ఏమీ కాదు.

పంపాక కొద్ది రోజుల్లో కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తుంది. ఎన్నికలు వచ్చినప్పుడు నమోదుకి ఆఖరి తేదీ పోలింగ్‌కి 12 పని దినాల ముందు. అక్కడ స్థానిక ఎన్నికలు సాధారణంగా మే నెల మొదటి గురువారం వస్తాయి, అయితే ప్రతి ఊళ్ళోనూ ప్రతి ఏడూ ఉండవు. ఫిబ్రవరి, మార్చిలోనే పని పూర్తి చేస్తే పరీక్షల టెన్షన్‌లో మర్చిపోరు.

ఒక జాగ్రత్త. పిల్లల్ని చూడ్డానికి ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళ్ళే మనం ఆ ఊరి నివాసులం కాము. మన పేరు పెట్టకూడదు. వీసా గడువు దాటిపోయినవాళ్ళు కూడా పెట్టకూడదు. ఫారంలో అబద్ధం రాయడం నేరం.

గుర్తింపు కార్డు

2023 మే నుంచి ఇంగ్లండ్‌లో స్థానిక ఎన్నికలకు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. కాలేజీ ఐడీ పనికిరాదు. చాలామంది పిల్లలు మెడలో అదే వేసుకుని వెళ్ళి వెనక్కి తిరిగి వస్తారు. మన భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టులన్నీ చెల్లుతాయి. ఇప్పుడు వీసా ఫోన్‌లోనే ఉంటోంది కదా అని ఫోన్ చూపిస్తే కుదరదు, చేతిలో పట్టుకునే అసలు కార్డో పుస్తకమో ఉండాలి. పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చి ఉంటే, ఓటరు గుర్తింపు పత్రం కౌన్సిల్ ఉచితంగా ఇస్తుంది, పోలింగ్‌కి ఆరు పని దినాల ముందులోగా అడగాలి. స్కాట్లండ్, వేల్స్‌లలో కౌన్సిల్ ఎన్నికలకు ఈ కార్డు గొడవ లేదు.

ఆ రోజు షిఫ్ట్ ఉందంటే పోస్టల్ ఓటు తీసుకోవచ్చు. దానికి 11 పని దినాల ముందు సాయంత్రం ఐదులోగా దరఖాస్తు పెట్టాలి. అయితే పోలింగ్ పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా ఉంటుంది. గోదాంలో పని చేసే పిల్లలకు కూడా ఎలాగో ఒక గంట దొరుకుతుంది.

ఎవరికి వేయాలో మనం చెప్పకూడదు

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. ఇక్కడ కూర్చుని, అక్కడి ఊరి వీధులు తెలియకుండా, ఫలానా వాళ్ళకి వేయమని చెప్పడం తప్పు. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో "అందరం కలిసి ఒకరికే వేద్దాం" అని వచ్చే మెసేజీని బట్టి వేయడమూ తప్పే. పిల్లలకు చదువుకునే పద్ధతి చెప్పండి. తలుపు సందులోంచి వేసే కరపత్రాలు పారేయొద్దనండి. ఎలక్టోరల్ కమిషన్ (అక్కడి ఎన్నికల సంఘం) వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే తమ కౌన్సిల్ ఏదో తెలుస్తుంది. ఎన్నిక దగ్గర పడ్డాక అభ్యర్థుల పేర్లు కౌన్సిల్ సైట్‌లో పెడతారు.

ఇప్పుడున్న కౌన్సిలర్‌కి ఒక ఈమెయిల్ రాసి చూడమనండి. చెత్త గురించి, బూజు గురించి, రాత్రి బస్సు గురించి, నాలుగు లైన్లు. జవాబు వచ్చిందా, ఎన్ని రోజులకు వచ్చింది, ఏం చేశారు? దాన్ని బట్టి ఎవరెలాంటివాళ్ళో వాళ్ళకే తెలుస్తుంది. కౌన్సిలర్లు జనాన్ని నేరుగా కలిసే రోజుని అక్కడ "సర్జరీ" అంటారు. మా ఆవిడ ఆ మాట విని అమ్మాయికి ఏమైందోనని కంగారుపడిపోయింది. ఆపరేషన్ కాదు, మన దగ్గర ఇదివరకు స్పందన పేరుతో జరిగిన అర్జీల రోజు లాంటిది.

ఆ రోజు

పోల్ కార్డు అని ఇంటికి పోస్టులో వస్తుంది. ఏ పోలింగ్ స్టేషన్‌కి వెళ్ళాలో దాని మీద ఉంటుంది. అది లేకపోయినా ఓటు వేయనిస్తారు. మా అమ్మాయి ఆ కార్డు ఫోటో తీసి పంపింది. దాని మీద మా ఇంటిపేరు ఇంగ్లిషు అక్షరాల్లో, కింద లెస్టర్ చిరునామా. మా ఆవిడ ఆ ఫోటోని చాలాసేపు చూసి, ఫోన్ దేవుడి గూట్లో పెట్టింది.

లోపల పేరు, చిరునామా చెప్పి, పాస్‌పోర్టు చూపించాలి. పేరు మీద గీత కొట్టి కాగితం ఇస్తారు. మిషన్ ఉండదు. చెక్క అరలో దారంతో కట్టిన పెన్సిల్ ఉంటుంది. నచ్చిన పేరు ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టాలి. సొంత పెన్ను తీసుకెళ్ళినా తప్పు లేదు. కాగితం పైన ఎంతమందికి వేయొచ్చో రాసి ఉంటుంది, దాన్ని ముందు చదవాలి. ఒక్కో వార్డుకి ముగ్గురు కౌన్సిలర్లని ఒకేసారి ఎన్నుకునే చోట మూడు గుర్తుల దాకా పెట్టొచ్చు. అంతకు మించితే ఓటు చెల్లదు. స్కాట్లండ్ కౌన్సిల్ ఎన్నికల్లో ఇంటూ కాకుండా 1, 2, 3 అని వరుస నంబర్లు వేయాలి. తప్పు పడితే పెట్టెలో వేయకముందే చెప్పాలి, కొత్త కాగితం ఇస్తారు. లోపల సెల్ఫీలు వద్దని గట్టిగా చెప్పండి.

వేలికి సిరా వేయరు. మా అమ్మాయి కాగితం పెట్టెలో వేశాక కూడా ఎడమ చెయ్యి చాపి ఒక క్షణం నిలబడిందట. అక్కడున్న పెద్దావిడ నవ్వి, "అయిపోయిందమ్మా" అందట.

మన ఊరి ఓటు సంగతి

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఏ దేశంలో ఉన్నా, గల్ఫ్‌లో ఉన్నా సరే, పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామా మీద ఓవర్సీస్ ఓటరుగా ఫారం 6ఏ పెట్టుకోవచ్చు. 2011 నుంచి ఈ సదుపాయం ఉంది. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. ఓటు మాత్రం స్వయంగా ఊరికి వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపించి వేయాలి. సెలవు కలిసొస్తేనే కుదిరే పని అది, అయినా పేరు ఉంచుకోవడం మంచిది. ఇంకో దేశం పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళకు ఇక్కడ ఓటు లేదు.

ఇల్లు మారితే

విద్యార్థులు ఏడాదికో ఇల్లు మారతారు. మారిన ప్రతిసారీ కొత్త చిరునామాతో మళ్ళీ నమోదు చేసుకోవాలి, పాతది దానంతటది మారదు. అక్కడ కాలేజీ పిల్లల అద్దెలు మారేది ఎక్కువగా సెప్టెంబరులో. కౌన్సిల్ వాళ్ళు ఇంటింటికీ "ఈ ఇంట్లో ఎవరెవరున్నారు" అని ఏడాదికోసారి ఉత్తరాలు పంపేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఆ ఉత్తరాన్ని ప్రకటన అనుకుని చెత్తలో వేయొద్దనండి, జవాబు ఇమ్మని అందులో ఉంటే ఇవ్వడం తప్పనిసరి. వినాయక చవితికి వీడియో కాల్‌లో ఉండ్రాళ్ళు చూపించేటప్పుడు ఇల్లు మారారా, పేరు కొత్త చిరునామాకి మార్చారా అని ఒక్క మాట అడగండి. మేము రెండేళ్ళుగా అలాగే అడుగుతున్నాం.